ఓర్పు గల తల్లి

తొండియార్‌పేటలో బస్సెక్కి కూర్చున్నాక, ఒకామె ఏడేళ్ల కూతురితో వచ్చి నా పక్కన కిటికీ వైపు కూర్చుంది. ఒళ్లో ఉన్న పిల్ల బట్టలు పిండుతున్నట్టు రెండు చేతులూ ఆపకుండా నలుపుకుంటోంది. ఉండుండి పెద్దగా అరుస్తోంది. నరాలకు సంబంధించిన అరుదైన జబ్బనీ, వచ్చిన నాలుగు మాటలూ పోయాయనీ ఆమె నాతో తెలుగులో చెప్పింది.

అది విని ముందు సీట్లోని పెద్దావిడ వెనక్కి తిరిగింది. “దేవుడు ఓర్పుండే తల్లికే ఇట్లాంటి బిడ్డనిస్తాడు. నువ్వు మహాతల్లివమ్మా!”

ఆ తల్లి ముఖం ఎర్రబడింది.

“నాకు ఓర్పు లేదు పెద్దమ్మా. బాత్రూములో పైపు తిప్పుకోని ఏడుస్తా. మా అత్త ఇదే మాట చెప్పి ఊరికి పోయింది. మా ఆయన ఇదే మాట చెప్పి పొద్దస్తమానం అంబత్తూరు ఫ్యాక్టరీలో, ఆడనే ఉంటాడు. నన్ను దేవతని చేసి అందరూ తప్పుకున్నారు. నువ్వు చెప్పు, ఒక్క స్టాపు వరకూ ఈ బిడ్డని ఒళ్లో పెట్టుకుంటావా?”

పెద్దావిడ గబుక్కున ముందుకు తిరిగిపోయింది. ఆ వీపు చూస్తే నాకు ఒళ్లు మండింది. పొగిడే నోటికి చేతులే లేవా? ఇప్పటికీ ఎవరైనా ఒక తల్లి ఓర్పును మెచ్చుకుంటే నాకా వీపే కనిపిస్తుంది.

“ఇటివ్వండి” అన్నాను.

ఆమె నమ్మలేనట్టు చూసి, పిల్లను నా ఒళ్లోకి జరిపింది. పిల్ల అరిచింది, గిల్లింది, నా భుజమంతా చొల్లుతో తడిపింది. ఆమె కిటికీ కమ్మీకి తల ఆనించి, కళ్లు మూయగానే నిద్రపోయింది. నేను దిగాల్సిన స్టాపు దాటిపోయింది. లేపలేదు.