వెడల్పు లెన్సులో అవ్వ కొర్రచేను

ఆ రోజుల్లో, అంటే కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజుల్లో, ఫోటో తీయించుకోవడమంటే పెళ్లికి తయారైనంత పని. తలకు నూనె, మొహానికి పౌడరు, మెడదాకా బొత్తాలు, చచ్చినా నవ్వకూడదన్న పట్టుదల. నంద్యాలలో మా మేనమామకు ఒక స్టూడియో ఉండేది. ఎస్సెల్సీ గట్టెక్కలేక నేను ఆయన దగ్గర పనిలో చేరాను. కొద్ది నెలల్లోనే నాకు తెలియని విషయం ప్రపంచంలో లేదని నమ్మకం కుదిరింది (ఆ నమ్మకం ఇప్పుడు ఎంత వెతికినా దొరకదు).

ఆ ఏడు ఆళ్లగడ్డ దగ్గర మా ఊళ్లో మా అవ్వ, నాయనను కన్నతల్లి, వాకిట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఇక మంచం దిగదని డాక్టరు చెప్పేశాడు. ఆమె దిగులంతా చేను గురించే. తాతా తానూ రాళ్లేరి, ముళ్లు కొట్టి సాగులోకి తెచ్చిన చేను, కొండ కింది నుంచి వాగుదాకా, ఆ ఏడు కొర్ర విరగపండింది. అది చూడకుండానే పోతానేమోనని ఏడ్చేది. మంచంతో సహా మోసుకుపోతామంటే, "నేనేమన్నా శవాన్నా, నలుగురు మోసేకి?" అంది. అప్పుడు నేను రొమ్ము విరుచుకుని, "చేనునే ఇంటికి తెస్తా అవ్వా" అన్నాను.

నాయన ఒప్పుకోలేదు. "కోతకు ముందు చేనును పటం పడతారంట్రా యాడన్నా? పటాన్ని అందరూ చూస్తారు. దిష్టి తగిలితే గింజ మిగలదు" అన్నాడు. అవ్వ మంచంలోంచే, "నేనొక్కదాన్నే చూసి పెట్టెలో దాస్తా. తేనీ" అంది. ఆ మాటతో నాయన మెత్తబడ్డాడు.

మామ దగ్గర రెండు లెన్సులుండేవి. ఒకటి మామూలుది. రెండోది వెడల్పుది, ఇరుకు ఇళ్లల్లో పెళ్లివారినందరినీ ఒక్క పటంలో ఇరికించడానికి మద్రాసులో పాతది కొన్నాడు. "అల్లుడా, మామూలు లెన్సు పెట్టు. బావి, బావికాడి చింతచెట్టు, ముందర నాలుగు కంకులు. ముసలామెకు అంతే చాలు. వెడల్పుది పెడితే అంతా వస్తాది, ఏదీ కనపడదు" అన్నాడు. "అవ్వ చేనంతా అడిగింది మామా" అన్నాను నేను. "నీ ఇష్టం. బొమ్మ పడే గాజుప్లేటు మాత్రం ఒకటే ఇస్తాండా" అన్నాడాయన.

కోత మర్నాడే. సాయంత్రం ఎండను వీపుకు పెట్టుకుని, నల్లమల వైపు తిరిగి, గట్టు మీద కెమెరా నిలబెట్టాను. నల్లగుడ్డ కింద దూరి చూస్తే కెమెరా వెనకద్దంలో అంతా తలకిందులు. కొండ కిందికి వేలాడుతోంది, కంకులు పైనుంచి దిగుతున్నాయి. మసకగా ఉన్నా చేను మొత్తం ఉంది, వాగు కూడా ఉంది. ఇంకేం కావాలి? నల్లగుడ్డ భుజాల మీదికి జారినా పట్టించుకోకుండా, లెన్సు మూత తీసి, మూత పట్టుకున్న చెయ్యి బారుగా పక్కకు చాపి లెక్కపెట్టాను (మామ అలాగే చాపేవాడు, అదొక దర్జా).

నంద్యాలలో ప్లేటు కడిగి పటం వేసి చూశాను. కొండ చీమలపుట్టంత. చింతచెట్టు కొత్తిమీర కట్టంత. బావి ఎక్కడుందో దేవుడికే తెలియాలి. అన్నిటికంటే ముందు, కంకుల మీద బారెడు పొడుగున ఒక నీడ. మూడు కాళ్లు, రెక్కల్లా వేలాడే గుడ్డ, చాచిన చెయ్యి, ఆ చేతి చివర గుండ్రంగా ఏదో. మామ కండ్లద్దాలు సర్దుకుని, "ఎవర్రా ఈ పెద్దమనిషి?" అన్నాడు. మళ్లీ తీద్దామంటే చేను అప్పటికే కోసేశారు.

ఆళ్లగడ్డ బస్సు దారిలో చెడిపోవాలని మొక్కుకున్నాను. రోజూ నిలిచిపోయే బస్సు ఆ రోజు బాణంలా పోయింది. అవ్వ పటాన్ని కంటికి ఆనించుకుని చూసింది.

"ఏందిరా, కొండ ఇట్ల కుంగిపోయింది?"

"దూరం కదవ్వా."

"బావి యాడ?"

"ఉంది అవ్వా, ఆడనే, చెట్టుకాడ."

ఆమె వేలు జరిగి జరిగి నీడ మీద ఆగింది. "దిష్టిబొమ్మను గూడా పెట్టి తెచ్చినావే. ఇంగ పెట్టెలో దాచేదేముంది? గోడకు తగిలీండి" అంది. నాయన వంగి పటాన్ని చూశాడు, నన్ను చూశాడు, మేకు తేవడానికి పోయాడు.

మంచానికి ఎదురుగా ఆ పటం తగిలించారు. అవ్వను భలే బోల్తా కొట్టించానని నేను లోలోపల మురిసిపోయాను. మళ్లీ విత్తనాల అదను రాకముందే అవ్వ పోయింది. దినాలకు వచ్చిన పక్కింటి అత్త ఆ పటం చూసి కండ్లు తుడుచుకుంటూ చెప్పింది. ఎవరు పలకరించడానికొచ్చినా అవ్వ ఇట్లా అనేదట: "ఆ దిష్టిబొమ్మ మా మనమడే. నా కండ్లు పోయినాయి గానీ, వాడు నిలబడే తీరు నాకు తెలీదా?" ఆ మాట విన్నాక గొడ్లపాకలోకి పోయి చాలాసేపు ఏడ్చాను.

తర్వాత నా బతుకంతా లెన్సులతోనే గడిచింది. వెడల్పువి ఎన్నో కొన్నాను, ఎన్నో కొండలనూ చేలనూ పటాల్లోకి ఎక్కించాను. ఎక్కడా నా నీడ పడనివ్వలేదు, అంత పనివాణ్ణయ్యాను. మొన్న మనవరాలు, "తాతా, వయసులో ఉన్నప్పటి నీ ఫోటో ఒకటి చూపించు" అంది. ఇల్లంతా వెతికాను. ఊరందరికీ ఫోటోలు తీసేవాణ్ణి నేనైతే నాకు తీసేదెవరు? చివరికి ఆ కొర్రచేను పటమే తెచ్చి చేతిలో పెట్టాను. పటాన్ని అటూ ఇటూ తిప్పి, "ఇందులో నువ్వెక్కడున్నావు?" అని అడిగింది. నీడ మీద వేలు పెట్టి చూపించాను. నవ్వింది, నేనూ నవ్వాను. ఆ నిలబడే తీరు చూసి నన్ను పోల్చుకునే మనిషి ఇప్పుడు లేదు.