హెస్టర్ టాప్లీ రాయని మాట

మా ఊరి కౌన్సిల్‌లో మేం ఏడుగురం సభ్యులం. ఏడుగురికీ కలిపి వెన్నెముక ఒక్కటే. అదీ మాది కాదు, మా క్లర్కు హెస్టర్ టాప్లీది. ఇరవై మూడేళ్లుగా ప్రతి నెలా మూడో మంగళవారం సాయంత్రం ఊరి హాల్లో మా పక్కన కూర్చుని మినిట్స్ పుస్తకం రాసింది. ఆవిడకి ఓటు లేదు. మాకుంది. ఇంగ్లండులో మా లింకన్‌షైర్ జిల్లా మొత్తం వెతికినా ఇంతకంటే దండగ ఓట్లు ఇంకెక్కడా ఉండవు.

నేను పాలబండి నడపడం మానేసి కౌన్సిల్‌లో చేరిన మొదటి రోజే ఆవిడ నాకు పాఠం చెప్పింది.

"చూడు క్లెమ్, ఈ పుస్తకంలో రెండే మాటలు. ‘నోటెడ్’ అంటే విన్నాం, టీ తాగాం, ఇంటికెళ్లాం. ‘రిజాల్వ్‌డ్’ అంటే తీర్మానించాం. ఆ మాట పడితే మర్నాడు మేస్త్రీకి కబురెళ్తుంది. పడకపోతే ఇటుక కూడా కదలదు."

"అందరం సరేనంటే చాలదా?"

"చాలదు. ‘సరే’లూ, ‘చూద్దాం’లూ నాకొద్దు. ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి, చేతులు లేవాలి. అప్పుడే రాస్తాను."

ఇంట్లోనూ ఇదే వరస. ఆవిడ మొగుడు రోలండ్, నేనూ బళ్లో ఒకే బెంచీ. "ఒరేయ్ క్లెమ్, మా ఇంట్లో సాసేజి వేయించాలన్నా ప్రతిపాదించేవాడు కావాలిరా! కుక్క బలపరుస్తుంది కాబట్టి తింటున్నాను," అనేవాడు. హెస్టర్ నవ్వు ఆపుకుంటూ గరిటె చూపించేది.

ఆ రోలండ్‌కి పక్షవాతం వచ్చింది. చక్రాల కుర్చీలో పడ్డాడు. మనిషికి ఉన్న ఒకే ఒక్క సరదా గురువారం మధ్యాహ్నం హాల్లో మాతో చుక్కల ముక్కల ఆట, డామినోలు, ఆడడం. హాలు గుమ్మానికేమో నాలుగు మెట్లు. అక్కడ కుర్చీ ఎక్కేలా ఏటవాలుగా ఒక ర్యాంపు కట్టాలి. అంతే. కోట కట్టమనలేదు, వంతెన వెయ్యమనలేదు.

విషయం కౌన్సిల్ ముందుకి వచ్చింది. "ఇందులో నా మొగుడి సంగతి ఉంది, నేను నోరు విప్పకూడదు," అని హెస్టర్ ముందే చెప్పి, తల వంచుకుని కూర్చుంది. మా అధ్యక్షుడు పించ్‌బెక్‌ది వేలంపాట వృత్తి. సంతలో మూడు అంకెలు లెక్కపెట్టే లోపల సుత్తి కొట్టి ఎద్దుల్ని అమ్మేస్తాడు. కౌన్సిల్‌లో కూర్చుంటే మాత్రం ఆ చెయ్యి చచ్చుబడిపోతుంది.

మొదటి నెల ఇటుక ఎర్రదా, పసుపుదా అని గంటసేపు. రెండో నెల మిసెస్ గార్నమ్ తన డాఫడిల్ పూల మడి మీదికి ర్యాంపు వస్తుందేమోనని బెంగ పెట్టుకుంది. మూడో నెల పక్క ఊళ్లో ఎలా కట్టారో కనుక్కుందామన్నారు. నాలుగో నెలకి ఎవరూ కనుక్కోలేదు.

"మొత్తం మీద అందరం అనుకూలమే కదా?" అనేవాడు పించ్‌బెక్.

"మొత్తం మీద అంతే," అనేవాళ్లం.

హెస్టర్ ‘నోటెడ్’ అని రాసేది. ఇరవై రెండు నెలలు రాసింది! నాకు ఒళ్లు మండిపోయేది.

ఈలోగా గురువారాలు ఆగవు కదా. రోలండ్ కుర్చీని హాలు కిటికీ కింద పెట్టి, గొడుగు కట్టి, కిటికీలోంచి ముక్కలు అందించి ఆడాం. వాన చినుకులు ముక్కల మీద పడుతుంటే కోటు చేతితో తుడిచేవాడు. రెండో శీతాకాలం వచ్చేసరికి, "మీరు ఆడుకోండిరా, నాకు ఓపిక లేదు," అన్నాడు. ఓపిక లేక కాదని నాకు తెలుసు.

ఒక రోజు హెస్టర్‌ని దారిలో పట్టుకున్నాను. "ఆ ఒక్క మాట రాసి పడెయ్ తల్లీ! ఆ పుస్తకం చదివేదెవరు? పించ్‌బెక్ కళ్లు మూసుకుని సంతకం పెడతాడు."

"మీరు అనని మాట నేను రాస్తే, ఇరవై మూడేళ్లు నేను రాసినదంతా ఏమైనట్టు?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "నువ్వు ప్రతిపాదించొచ్చుగా క్లెమ్. ‘ర్యాంపు కట్టాలని ప్రతిపాదిస్తున్నాను’. ఎంతసేపు?"

"చూద్దాంలే," అన్నాను.

ఇంతసేపూ మిగతా ఆరుగుర్నీ తిట్టాను కదా, ఇప్పుడు నా సంగతి కూడా చెప్పాలి. మా ఊళ్లో ఎవడు ప్రతిపాదిస్తే పని చూసుకోవాల్సింది వాడే. అంతకుముందు బస్సు షెల్టరుకి రంగు వేయించాలని నేను ప్రతిపాదించాను. ఆ ఆకుపచ్చ రంగు చూసి పబ్బులో ఏడాది పాటు నన్ను ‘కప్ప’ అని పిలిచారు. అందుకని ప్రతి నెలా ఎవరైనా లేస్తారేమోనని చూశాను. మిగతా ఆరుగురూ అదే చూశారు.

ఫిబ్రవరిలో రోలండ్ పోయాడు.

మార్చి మూడో మంగళవారం హెస్టర్ మామూలుగానే వచ్చింది. నల్ల కోటు విప్పి, పుస్తకం తెరిచింది. పించ్‌బెక్ గొంతు సవరించుకుని, రోలండ్ పేరు మీద ఒక బెంచీ వేయాలని ప్రతిపాదించాడు. మాట పూర్తి కాకుండానే నేను బలపరిచాను. ఏడు చేతులు లేచాయి. టీ ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.

"రాయమ్మా హెస్టర్. రిజాల్వ్‌డ్," అన్నాడు పించ్‌బెక్, తృప్తిగా.

"ఎక్కడ వేస్తారు?" అంది ఆవిడ.

"మెట్ల పక్కనే," అంది మిసెస్ గార్నమ్. "నేల చదునుగా ఉంటుంది. వచ్చేపోయే వాళ్లకి కనిపిస్తుంది."

హెస్టర్ పుస్తకాన్ని నా వైపు తిప్పింది. పెన్ను దాని మీద పెట్టింది. "నువ్వు బలపరిచావుగా. నువ్వే రాయి," అంది. అరవలేదు, ఏడవలేదు. కోటు తీసుకుని, తలుపు జాగ్రత్తగా వేసి, మెట్లు దిగి వెళ్లిపోయింది.

అప్పుడు లేచాను నేను. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. "హాలుకి ర్యాంపు కట్టాలని ప్రతిపాదిస్తున్నాను," అన్నాను.

అందరూ నా వైపు చూశారు. మిసెస్ గార్నమ్ కప్పు కింద పెట్టింది. ఆవిడ దెప్పిపొడవాలని అడగలేదు, పాపం నిజంగానే తెలియక అడిగింది.

"ఇప్పుడు ఎవరి కోసం క్లెమ్?"