ఊదినంతసేపు ఊరుకోవాలి

వీధిలో అందరూ టైలరమ్మ అని పిలిచే ఆవిడకు సంగీతమంటే పగేమీ లేదు. మొగుడంటే అసలే లేదు. కానీ ఆ రెండూ కలిసి పక్కగదిలో చేరి, ఒకే ఒక్క పై స్వరం కోసం సాయంత్రమంతా గింజుకుంటుంటే మాత్రం ఆవిడ తల ప్రాణం తోకకు వచ్చేది.

మొగుడు బస్సు డిపోలో టైర్లు మారుస్తాడు. డిపో బ్యాండులో మొదటి ట్రంపెట్ ఆయనదే. పిల్లలు బాకాయన అంటారు. ఇరవై ఏళ్ళుగా ఆ బాకా మోత వింటూనే ఆవిడ కండక్టర్ల చొక్కాలకు కాలర్లు తిరగేసి కుట్టింది, డ్రైవర్ల ప్యాంట్లకు జిప్పులు మార్చింది, కూతురిని చదివించి పెళ్ళి చేసి పంపింది. కూతురు వెళ్ళాక ఇంట్లో మిగిలినవి రెండు చప్పుళ్ళు: మిషను, బాకా. మిషనైనా దారం తెగితే ఆగేది.

పోయినేడు డిపో వార్షికోత్సవంలో ఆయన పరువు పోయింది. పాటంతా బాగానే ఊదాడు. చివర ఎత్తుగా, పొడుగ్గా నిలపాల్సిన స్వరం దగ్గర పెదవి చచ్చిపోయి ఫుస్సుమని గాలి వచ్చింది. ముందు వరసలో పిల్లలు పడీ పడీ నవ్వారు. ఈసారీ అదే జరిగితే బ్యాండులో మొదటి కుర్చీ, బస్సులకు రంగులేసే పెయింటు షాపు కుర్రాడికి ఇచ్చేస్తామని పైవాళ్ళు చెప్పేశారు. అప్పటినుంచి మన బాకాయన మూతి వాచేదాకా ఊదడం మొదలెట్టాడు.

ఒకరోజు బ్యాండు మాస్టారు నడుము దగ్గర ప్యాంటు వదులు చేయించుకోవడానికి వచ్చి, పక్కగది మోత విని నుదురు కొట్టుకున్నాడు.

"ఈయన మధ్యలో ఆపడా అమ్మా?"

"ఆపడం కూడా ఉంటుందా అందులో?" అంది టైలరమ్మ.

"అదే ముఖ్యం. పెదవి కూడా కండే కదా. అలిసిపోయాక బాకాని ఇంకా గట్టిగా నొక్కి ఊదితే అది బలపడదు, వాస్తుంది. పొద్దున కొంచెం, సాయంత్రం కొంచెం. ఊదినంతసేపు ఊరుకోవాలి. వారం వారం కాస్త కాస్త పెంచుకుంటూ పోవాలి. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. ఇక మీరే చూడాలి."

ఊదమని చెప్పడానికి ఊరంతా ఉంది, ఆపమని చెప్పడానికి మాత్రం పెళ్ళాం కావాలి కాబోలు అనుకుంటూనే ఆవిడ ఆ పని నెత్తినేసుకుంది. ట్రంపెట్‌కి పెదాలు ఆనించే చోట చిన్న గిన్నెలాంటి మౌత్‌పీస్ ఉంటుంది. పీకితే ఊడొస్తుంది. అది లేకపోతే అంత పెద్ద బాకా ఉత్త ఇత్తడి గొట్టం. టైము కాగానే ఆవిడ దాన్ని పీకి మిషను సొరుగులో పెట్టి తాళం వేసేది. మళ్ళీ టైమైతే ఇచ్చేది.

ఆ విరామాల్లో ఆయనతో వేగడం కన్నా బాకాతో వేగడమే నయమనిపించింది. కాలుగాలిన పిల్లిలా గది చుట్టూ తిరిగేవాడు. మిషను దగ్గరికొచ్చి నిలబడేవాడు.

"అయిందా?"

"కాలేదు."

"గడియారం ఆగిపోయిందేమో చూడు."

"గడియారం బాగానే ఉంది. ఆగనిది మీరే."

ఇంత చేసినా ఫలితం లేదు. వారాలు గడిచేకొద్దీ స్వరం బాగుపడకపోగా సాయంత్రానికి బొంగురుపోతోంది. పై పెదవి మీద గుండ్రంగా వాపు. తనే ఎక్కువ ఊదనిస్తోందేమోనని టైలరమ్మ బెంగపడి, ఇచ్చే టైము ఇంకా తగ్గించింది. మాస్టారు మాటలే తప్పేమోనని ఆయన్ని కూడా మనసులో నాలుగు తిట్టింది.

ఆ తర్వాత ఒకనాడు జేబు చిరిగిందని మొగుడి డిపో చొక్కా మిషను మీద వేసుకుంటే లోపల గట్టిగా ఏదో తగిలింది. బోల్టేమో అనుకుని తీసింది. ఇంకో మౌత్‌పీస్.

ఆవిడకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏమండీ, ఇదేంటి?"

ఆయన నీళ్ళు నమిలాడు. "భోజనాల టైములో... టైర్ల గోడౌన్లో... బ్యాండు గదిలోని పాత బాకా ఉంది కదా..."

"నేనిక్కడ పోలీసులా కాపలా కాస్తుంటే మీరక్కడ దొంగతనంగా ఊదుతున్నారా?"

"ఆపితే భయమేస్తుందోయ్." ఆయన నేల చూస్తూ అన్నాడు. "ఊరికే కూర్చుంటే ఉన్నది కూడా పోతుందేమో అనిపిస్తుంది. ఆ పిల్లల నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది."

ఆవిడకు జాలేసింది. జాలేసినందుకు ఒళ్ళు ఇంకా మండింది. రెండు మౌత్‌పీసులూ సొరుగులో పడేసి, ఒక కండక్టరు చొక్కా, ఒక బ్లేడు ఆయన ఒళ్ళోకి విసిరింది.

"పాత కుట్లు విప్పండి."

"ఇది నా పనా?"

"ఊదడం మీ పని. ఊరుకోవడం మీకు రాదు కాబట్టి అది నా పని. నేను చెప్పినట్టు చేయండి."

మొదటిరోజే చెయ్యి జారి చొక్కా భుజం దగ్గర ఇంత పొడుగున చీల్చాడు. ఆవిడ దాన్ని అతికి కుట్టుకుంటూ ఆయన తరఫు వాళ్ళందరినీ తలుచుకుంది. రెండో చొక్కాకి చెయ్యి కుదిరింది. చేతులకు పని దొరికాక కాళ్ళు తిరగడం మానేశాయి. పెదాలకే గాని మాటలకు సెలవు లేదు గనక ఆయన నెమ్మదిగా మాట్లాడటం మొదలెట్టాడు. ఏ చొక్కా ఏ కండక్టరుదో, ఎవరు చిల్లర ఎగ్గొడతారో చెప్పాడు. ఓసారి తన పక్కనే టైరు పేలిందని, ఆ రోజు ఇంటికొచ్చి ఏమీ చెప్పకుండా రెండు గంటలు ఊదానని చెప్పాడు. ఆ సాయంత్రం ఆవిడకు గుర్తే. తలనొప్పిగా ఉందని ఆయన మీద కేకలేసింది. ఇరవై ఏళ్ళూ వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది సరుకుల గురించి, కూతురి గురించి. ఆయన చెప్పాల్సిన మిగతాదంతా బాకాలోకి పోయింది.

గోడౌను ఊదుడు ఆగిపోయింది. వాపు తగ్గింది. ఊదే టైము కొంచెం పెరిగింది, దానితోపాటే ఊరుకునే టైమూ పెరిగింది.

వార్షికోత్సవం రోజు వేదిక వెనక బ్యాండు వాళ్ళంతా చెవులు చిల్లులు పడేలా వాయించి చూసుకుంటున్నారు. పెయింటు షాపు కుర్రాడు పై స్వరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తున్నాడు. బాకాయన ట్రంపెట్ ఎత్తాడు. టైలరమ్మ వద్దనబోయి మానేసింది. అని అని ఆవిడకీ విసుగొచ్చింది. ఆయన ఒక్క క్షణం ఆగి, మౌత్‌పీస్ తనే పీకి ఆవిడ చేతిలో పెట్టాడు.

"పిలిచేదాకా నీ దగ్గరుంచు."

పిలుపు రాగానే ఆవిడ ఇచ్చేసింది. పాట సాగి చివరి స్వరం వచ్చింది. వచ్చి, నిలబడింది. చప్పట్ల కోసం ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. టైలరమ్మ అమ్మయ్య అనుకుంది. మొదటి కుర్చీ ఆయనకే ఉండిపోయింది.

"ఇక వారం రోజులు పెదాలకు పూర్తి సెలవు. బాకా ముట్టుకోవద్దు," అన్నాడు మాస్టారు.

మర్నాడు సాయంత్రం ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఇరవై ఏళ్ళుగా ఆవిడ కోరుకున్న నిశ్శబ్దమే. మొగుడు పక్కగదిలో నిమ్మకు నీరెత్తినట్టు పడుకుని పేపరు చదువుతున్నాడు. ఆవిడ రెండు కాలర్లు కుట్టింది, రెండూ వంకర పోయాయి. దారం తెగింది. మిషను కూడా ఆగేసరికి అసలేమీ వినబడలేదు. ఒళ్ళు మండిపోయి సొరుగు తాళం తీసి, మౌత్‌పీస్ పట్టుకుని ఆయన ముందు నిలబడింది.

"ఊదండి."

"మాస్టారు వద్దన్నాడుగా?"

"తెలుసు. కాస్తే ఊదండి." ఆవిడ మౌత్‌పీస్ ముందుకు చాపింది. "తర్వాత ఊరుకుందురు గాని."

ఆయన ఆవిడ మొహంలోకి చూశాడు. పేపరు మడిచి పక్కన పెట్టి లేచాడు. బాకా వైపు పోలేదు. కుర్చీ లాక్కుని మిషను పక్కన వేసుకుని, బ్లేడు తీసుకున్నాడు.

"ఏదీ, ఆ చొక్కా ఇటివ్వు."