పచ్చయమ్మ పట్టిన కుందేలు

పెరంబూరులో మా అపార్ట్‌మెంటుకు సెక్రటరీ కిట్టుగారు. ఆయనకు సౌకార్‌పేటలో స్టీలు సామాన్ల హోల్‌సేలు కొట్టు ఉంది. కొట్లో ఆయన మాటకు ఎదురులేదు, కాబట్టి ఇక్కడా ఉండకూడదని ఆయన నమ్మకం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి. ఆయన రూలు పుణ్యమా అని రెండు వారాలు మధ్యాహ్నపు కునుకు పోగొట్టుకున్నవాణ్ణి, ఈ సంగతి చల్లగా చెప్పడం నా వల్ల కాదు.

పచ్చయమ్మది వ్యాసర్పాడి. యాభై దాటాయి, ఎడమ మోకాలు పట్టేస్తుంటుంది. నాలుగో అంతస్తు డాక్టరమ్మగారి మూడు బీగిల్ కుక్కల్ని తిప్పడం ఆమె పని. మూడూ ఒక్క ఈతలో పుట్టినవే. మనిషి కనిపిస్తే తోకాడిస్తాయి, కరవడం తెలియదు. కానీ ముక్కు నేలకు ఆనిందంటే చెవులు పనిచెయ్యవు. పిలిచి పిలిచి పచ్చయమ్మ గొంతు పోవలసిందే. పైగా ఒంటరిగా ఉండలేవు. కుందేళ్ళను గుంపుగా వేటాడే జాతి మరి. ఒకదానికి వాసన తగిలితే మిగతావి వచ్చేదాకా అరిచి పిలుస్తూనే ఉంటుంది.

మూడూ పక్కపక్కన నడిచినంతకాలం వాటి గొంతు మేం పెద్దగా వినలేదు. ఒకరోజు వాటి తాళ్ళు కిట్టుగారి కాళ్ళకు చుట్టుకున్నాయి. మర్నాడే లిఫ్టు పక్కన కాగితం వెలిసింది: ఒక మనిషి ఒక్క కుక్కనే తిప్పవలెను. ఇంక చూడండి. ఒకదాన్ని కిందికి తెస్తే పైన రెండూ ఊళ పెడతాయి, కింద నుంచి ఇది బదులిస్తుంది. కుక్క ఏడిస్తే అరిష్టమని సగం బిల్డింగు బెంబేలెత్తింది. పూటకు మూడుసార్లు తిప్పలేక పచ్చయమ్మ మోకాలికి గుడ్డ చుట్టుకుంది.

"అవి ఏడవడం లేదు సార్, ఒకదాన్నొకటి పిలుస్తా ఉండాయి. మూడిట్నీ కలిపి తిప్పనీండి, నోరెత్తవు," అని ఎన్నిసార్లు బతిమాలిందో.

"మూడు కలిస్తే గుంపు. గుంపంటే డేంజరు," అన్నారు కిట్టుగారు. "ఆదివారం లోపల ఈ అరుపు ఆగాల. ల్యాకపోతే కుక్కల్ని పంపించేస్తాం."

డాక్టరమ్మకు ఆస్పత్రి తప్ప ఏదీ పట్టదు, సరేననేసింది. కుక్కలు పోతే పచ్చయమ్మ పనీ పోయినట్టే.

శుక్రవారం పొద్దున కిట్టుగారి భార్య కమలాంబగారు పెంచుకునే తెల్ల కుందేలు వాకిట్లోంచి తప్పించుకుంది. అదే సమయానికి పచ్చయమ్మ కిందికి తెచ్చిన కుక్క, వెనక పిచ్చిమొక్కల మధ్య పగిలిన సిమెంటు తొట్టి దగ్గర గొంతు చించుకుంటోంది.

"తినేసింది," అన్నారు కిట్టుగారు.

"నోట్లో బొచ్చు కూడా లేదు కదా సార్," అంది పచ్చయమ్మ.

"మింగేసుంటాది."

నాకు ఒళ్ళు మండింది. పచ్చయమ్మ మాత్రం ఆ కుక్కను అక్కడే కట్టేసి, పైకి వెళ్ళి మిగతా రెండింటినీ తెచ్చింది. రూలు, రూలు అని కిట్టుగారు అరుస్తుండగానే మూడింటినీ వదిలేసింది. మూడు ముక్కులూ ఒకచోట చేరాయి, మూడు తోకలూ లేచాయి. తొట్టి కిందనుంచి తెల్లగా ఏదో దూకింది. వాచ్‌మన్ ఏళుమలైతో సహా అందరం దాని వెనక పరుగు.

"ఏడోళ్ళు ఆడ్నే సుమ్మా కదలకుండా నిలబడండప్పా," అని కసిరింది పచ్చయమ్మ. "కుందేలు చుట్టు తిరిగి లేచిన చోటికే వస్తాది. మా తాత వేటకు పోయినోడు, ఆయన చెప్పినాడు."

ఎవరు విన్నారు గనక? నేనూ వినలేదు. ఒకరి కాళ్ళు ఒకరం తొక్కుకుంటూ మొక్కల్లో పడ్డాం. ఆమె ఒక్కతే నొప్పి మోకాలు వంచి, తొట్టి ముందు కొంగు పరుచుకుని కూర్చుంది. కుక్కల అరుపు కాంపౌండు గోడ వెంబడి చుట్టి చుట్టి ఇటే వచ్చింది. వాటికి చాలా ముందుగా వచ్చిన కుందేలు తొట్టి కిందికి దూరబోయి ఆమె ఒళ్ళో పడింది. ఏళుమలై కుక్కల తాళ్ళు అందుకున్నాడు.

"ఇది మన కుందేలు కాదు," అన్నారు కిట్టుగారు.

దాని నుదుట కమలాంబగారు పొద్దున పెట్టిన శుక్రవారం కుంకుమ ఇంకా ఉంది. పచ్చయమ్మ దాన్ని ఆయన ముఖం ముందుకు ఎత్తింది.

"బాగా చూసుకోండి సార్. నేను పట్టిన కుందేలికి నాలుగు కాళ్ళు ఉండాయి."

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. "రూలు రూలే. ఒక మనిషి, ఒక్క కుక్క."

పచ్చయమ్మ ముఖం వాడిపోయింది. ఇంత చేసినా ఇదేనా అని నాకు ఏడుపొచ్చినంత పనైంది. కమలాంబగారు కుందేలును ఇంట్లో పెట్టి వచ్చి, ఏళుమలై దగ్గర మూడు తాళ్ళూ తీసుకున్నారు. ఒకటి పచ్చయమ్మకిచ్చారు, ఒకటి తాను ఉంచుకున్నారు, మూడోది భర్త చేతిలో పెట్టారు.

"ముగ్గురం ఉండాము, మూడు కుక్కలుండాయి. మీ రూలు మీరే తప్పుతారా?"

ఆయన తప్పలేదు. ఆదివారం దాకా రెండు పూటలా ముగ్గురూ, మూడూ కలిసి తిరిగారు. ఒక్క ఊళ లేదు. ఆదివారం మీటింగుకు కిట్టుగారు చేతిలో తాడుతోనే వచ్చారు.

"చూసినావా పచ్చయమ్మా, ఒక మనిషికి ఒక్క కుక్కని నేను రూలు పెట్టబట్టి కదా అరుపులు ఆగిపోయినాయి."

పచ్చయమ్మ నోరు తెరిచింది. పని గుర్తొచ్చి మూసుకుంది.