కంచు కప్ప కాలివేలు

రిటైరవడానికి ముందు సంవత్సరం, మార్చిలో, డబ్లిన్‌లోని ఒక మ్యూజియంలో లోహ వస్తువుల విభాగానికి సీనియర్ కన్సర్వేటర్‌గా, అంటే పాత వస్తువులు పాడవకుండా చూసేవాడిగా ఉన్నాను. ఇటలీ నుంచి ప్రదర్శన కోసం అరువుగా వచ్చిన పునరుజ్జీవన కాలపు చిన్న కంచు బొమ్మల్ని పెట్టెల్లోంచి తీయించే బాధ్యత నాది. వాటిలో అరచేతిలో పట్టేంత కప్ప ఒకటి.

ఇవి చెక్కిన బొమ్మలు కావు. చచ్చిన కప్పకే మెత్తని మట్టి పూసి, ఆరబెట్టి కాలుస్తారు. లోపలిది బూడిదవుతుంది. ఆ బూడిద దులిపి, ఖాళీలో కరిగిన కంచు పోస్తారు.

గది వేడికి అలవాటు పడేందుకు పెట్టెను ఒక రోజు మూసే ఉంచి, మర్నాడు తెరిచాం. మా టెక్నీషియన్ శ్రావణి కప్పను ఫోమ్‌లోంచి పైకి తీసింది. బొమ్మలకు కాపలాగా సొంతదారు మ్యూజియం పంపే అధికారిని మేం కూరియర్ అంటాం. వీటితో వచ్చినావిడ వంగి చూసి, వెనక ఎడమకాలికి ఒక వేలు లేదంది. వాళ్ళ నివేదికలో మాత్రం ‘ఎక్కడా విరగలేదు’ అని ఉంది.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు అందరం గ్లవుజులు చూసుకున్నాం. ఫోమ్ అంతా వెతికాం. వేలు దొరకలేదు. మా మేనేజర్ శ్రావణి దగ్గర లోపలికొచ్చే పాసు తీసేసుకుని, ఆమె పేరున నష్ట నివేదిక రాసేస్తే అంతా గ్రాండ్ అన్నాడు. ఇక్కడివాళ్ళ మాటలో గ్రాండ్ అంటే ‘ఇక ఏ ఇబ్బందీ లేదు’ అని. ఆమె కాంట్రాక్టు పొడిగింపు ఆ నెలలోనే ఉంది. అది పోతే ఈ దేశంలో ఉండే అనుమతీ పోతుంది. నాకు ఒళ్ళు మండింది.

ఆఫీసులో నన్ను ఎప్పుడూ సార్ అనే కరీంనగర్ అమ్మాయి శ్రావణి, నా దగ్గరికొచ్చి తెలుగులో అంది: “అంకుల్, నేను తీసేటప్పుడే గట్ల ఉండె. నా చేతిల ఏం ఇర్గలె.”

“ఉండమ్మా, ముందు కప్పను చూడనీ,” అన్నాను.

కూరియర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని కాలిని మైక్రోస్కోపు కింద పెట్టాను. ఇప్పుడే విరిగితే లోహం పసుపుపచ్చగా మెరవాలి. ఎప్పుడో విరిగిందైతే అంచు గరుకుగా ఉండాలి. రెండూ కావు. వేలు ఉండాల్సిన చోట మొద్దు గుండ్రంగా ఉంది, దాని మీద చర్మపు ముడతలు నిండుగా ఉన్నాయి. అది మానిన గాయం. పోత పోయడానికి ముందే, బతికున్న రోజుల్లోనే ఆ కప్ప వేలు పోగొట్టుకుంది.

కూరియర్ చాలాసేపు చూసి, తమ నివేదిక సరైనదేనని ఒప్పుకుంది. కంచు ఎక్కడా విరగలేదు మరి.

శ్రావణి పాసు ఆమెకు తిరిగిచ్చారు. క్షమించమని మాత్రం ఎవరూ అనలేదు. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నా విభాగంలో ఒకటే పద్ధతి నడిపాను: వస్తువును పరీక్షించడం పూర్తయ్యేదాకా మనిషి పేరు ఎత్తకూడదు.