పదిహేడు ఒకట్లు

నిన్న ఉదయం ఏడూ పదికి, ఇడ్లీ పాత్ర పొయ్యి మీద ఉండగా, మా కోడలు సెల్‌ఫోన్‌లో పదిహేడు ఒకట్లు వరసగా కొట్టింది. ఆ సంఖ్యను శేషం లేకుండా ఏది భాగిస్తుందో చూడమని నేనే అడిగాను. ఇడ్లీలు ఉడకకముందే చెప్పింది: "ఇరవై లక్షల డెబ్బై ఒక్క వేల ఏడు వందల ఇరవై మూడు. అంతేనా అత్తయ్యా?" అంతే. దాని కోసం మా పెద్దమ్మ నర్సీపట్నంలో తొమ్మిదేళ్లు వెతికి ఆరు లక్షల దగ్గర ఆగిపోయింది.

పెద్దమ్మ లెక్కల టీచరు. పెళ్లి చేసుకోలేదు, మాతోనే ఉండేది. డెబ్బైలలో ఏదో పాత పత్రికలో ఆ సంఖ్య ప్రధాన సంఖ్య కాదని చదివింది. కారణాంకాలు మాత్రం అందులో ఇవ్వలేదు. విరుగుతుందని తెలుసు, ఎక్కడో తెలియదు. దాన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, ముప్పై నాలుగుతో భాగిస్తే ఒకటే మిగలాలని తనే నిరూపించుకుంది. ఇక రోజూ స్కూలు నుంచి వచ్చి టీ తాగి, అలాంటి సంఖ్యలను ఒక్కొక్కటే తీసుకుని పలక మీద భాగహారం చేసి, ఫలితాన్ని నోటుబుక్కులోకి ఎక్కించేది. ఆదివారం చర్చి కాబట్టి లెక్కలకు సెలవు. "అది విరిగితే మనకేటొస్తాదప్పా, కొబ్బరికాయా?" అనేది అమ్మ. "కొబ్బరికాయైతే ఎక్కడ కొట్టాలో తెలుసు కదే" అనేది పెద్దమ్మ.

నేను రోలుగుంటలో టీచరుగా చేరాక, ఆ నోటుబుక్కు సరిచూసే పని నాకు ఇచ్చింది. తను తొమ్మిదితో సరిచూసుకునేది: అంకెలు కూడి, తొమ్మిదులు తీసేసి, రెండు వైపులా ఒకటే మిగిలిందా అని. కానీ పక్కపక్క అంకెలు తారుమారైతే ఆ పద్ధతికి తెలియదు, మొత్తం మారదు కనుక. పదకొండుతో చూస్తే తెలిసిపోతుంది. అది నా వంతు. మొదటి నాలుగేళ్లలో నాకు దొరికినవి రెండే తప్పులు. అయిదో ఏడు వానాకాలంలో ఒక్క వారంలో మూడు దొరికాయి. మళ్లీ భాగించి చూశాను. నలభై ఏడు ఉండాల్సిన చోట డెబ్బై నాలుగు ఉంది. బ్లేడుతో సిరా గీకి, పెద్దమ్మ దస్తూరీలోనే దిద్దేశాను. తర్వాతి వారం అయిదు. అవీ దిద్దాను.

ఒక సాయంత్రం పెద్దమ్మ పలక పక్కన పెట్టి అడిగింది: "ఒలే, నా లెక్కల్లో తప్పులేటైనా దొరుకుతున్నాయా? దాయకుండా సెప్పు."

"లేవు పెద్దమ్మా."

ఆవిడ ముఖం తేటపడింది. మంచి పని చేశాననుకున్నాను.

పెద్దమ్మకు తలనొప్పులు మొదలయ్యాక అమ్మ విశాఖపట్నం తీసుకెళ్తానంది. పెద్దమ్మ నోటుబుక్కు తెచ్చి అమ్మ ముందు పడేసింది. "నా తలకేటయిందే? ఏడాదై ఒక్క అంకె తప్పలేదు. కావలిస్తే దీన్నడుగు." అమ్మ నా వైపు తిరిగి, "నిజమేనేటే?" అంది. నేను తలూపాను. ఆ మాట మీద ప్రయాణం మానేశారు.

చివరికి క్లాసులో పడిపోయాకనే తీసుకెళ్లాం. మెదడులో కంతి అన్నారు. ఏడాది ముందు తెచ్చి ఉంటే తీసేసేవాళ్లమని పెద్ద డాక్టరుగారు వరండాలో చెప్పారు. నేను లోపలికి వెళ్లి, మంచం పక్కన కూర్చుని, పెద్దమ్మకు అంతా చెప్పేశాను.

ఫ్యాను వైపు చూస్తూ అడిగింది: "ఎన్ని దిద్దేవు?"

"నూట పన్నెండు."

"సరిగ్గా దిద్దేవా?"

"దిద్దాను."

"బాగానే దిద్దుంటావులే. నేనే నేర్పేను కదా" అంది. అని గోడ వైపు తిరిగి పడుకుంది. తర్వాత పదకొండు రోజులు బతికింది. మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు, నన్ను తిట్టనూ లేదు. తిడితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇది జరిగి నలభై ఏళ్లు దాటింది. మా ఇంట్లో ఇప్పుడు ఎవరి తప్పునూ ఎవరూ చాటుగా దిద్దరు.