రాయని తొమ్మిది రోజులు

రెండో కంటికి ఆపరేషన్ చేసే ముందు డాక్టరుగారు నాకు ఒక్క మాటే చెప్పారు.

"పంతులుగారూ, శుక్లం తీసేది నేను. చూపు నిలబెట్టుకునేది మీరు. తొమ్మిది రోజులు తల కదపకూడదు. మొదటిసారి ఏం చేశారో మీకు గుర్తుందిగా."

గుర్తుంది. కుడికన్ను నేనే పోగొట్టుకున్నాను. ఇక మిగిలింది ఎడమది ఒక్కటే.

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నేను ముప్ఫై ఏళ్లకు పైగా నీటిమట్టం చదివే గుమాస్తాగా పనిచేశాను. ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి గోదావరి ఎన్ని అడుగులు, ఎన్ని అంగుళాలు ఉందో చూసి ఆఫీసు పుస్తకంలో ఎక్కించాలి. వరద రోజుల్లో గంటకోసారి. అదే అంకెను ఇంటికొచ్చి నా డైరీలోనూ రాసుకునేవాణ్ణి. దాని కింద గాలి ఎటు వీచిందో, ఇంట్లో ఏం వండారో, ఎవరికి జ్వరం వచ్చిందో రాసేవాణ్ణి. మా అమ్మాయి పుట్టిన రోజు పేజీలో కూడా ముందు నీటిమట్టం, ఆ తరువాతే పిల్ల. ఎప్పుడో మా అల్లుడు ఆ పేజీ పైకి చదివాడు. అప్పటినుంచి మా ఆవిడ దాన్ని పట్టుకుని దెప్పుతూనే ఉంది. ఆవిడకు చదువు రాదు కాని, విన్నది మరిచిపోదు.

ఏడాదికొక పుస్తకం. ఏ పుస్తకంలోనూ ఒక్క ఖాళీ పేజీ లేదు. అది నా గొప్ప అనుకునేవాణ్ణి.

పింఛను పుచ్చుకున్నాక కూడా మానలేదు. మా ఇంటి ముందు కాలవలోకి దిగి, గీతలు పెట్టుకున్న వెదురు బద్ద ముంచి, నీళ్లు ఎంత ఉన్నాయో చూసి రాసుకునేవాణ్ణి. పడవవాళ్లు నవ్వేవారు.

"ఏంటండీ పంతులుగారూ, దొరలు ఇంకా జీతం పంపుతున్నారా అండీ?"

"మీ పడవ నేలకు తగిలిన రోజు నా దగ్గరికే వస్తారు లెండి" అనేవాణ్ణి. ఎవరూ రాలేదు. ఆ కొలత ఎవరికీ అక్కర్లేదు. నాకు మాత్రం అది లేకపోతే పొద్దు పుట్టినట్టు ఉండేది కాదు.

అటువంటివాడికి రెండు కళ్లలోనూ శుక్లాలు వచ్చాయి. ముందు బద్ద మీది గీతలు పోయాయి. తరువాత నా అక్షరాలు నాకే పోయాయి.

కుడికంటికి రాజమండ్రి ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది. రెండు కళ్లకూ కట్టు కట్టి, తలకు అటూ ఇటూ ఇసుక సంచులు పెట్టి, వెల్లకిలా పడుకోబెట్టారు. నమలకూడదు, దగ్గకూడదు, పక్కకు తిరగకూడదు. నేను ముందే ఏర్పాటు చేసుకున్నాను. ఆ పక్క వీధిలో ఉండే బడిపంతులు ఒకాయన రోజూ సాయంత్రం వచ్చి, నేను చెప్పింది నా డైరీలో రాసిపెట్టాలి. మూడు రోజులు రాశాడు. నాలుగో రోజు రాలేదు. అయిదో రోజు వచ్చి చాలా మామూలుగా అన్నాడు:

"నిన్న కుదరలేదండీ. ఆ పేజీ వదిలేసి ఇవాళ్టిది రాస్తాను, చెప్పండి."

"వదిలేయడం ఏంటండీ!" అని లేచి కూర్చున్నాను. పుస్తకం కోసం చెయ్యి చాచాను. కట్టు కింద వెచ్చగా ఏదో జారింది.

డాక్టరుగారు కట్టు విప్పి చూసి, ఈ కంటికి ఇక చూపు రాదని చెప్పి మళ్లీ కట్టు కట్టారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఒక్క పేజీ కోసం ఒక కన్ను. ఆ తరువాతి ఏడాది నేను ఎలా బతికానో రాయడానికి ఇప్పటికీ చెయ్యి వెనకాడుతుంది. ఎడమకంట్లో మంచు రోజురోజుకూ చిక్కబడింది. అయినా పొద్దున్నే డైరీ ముందు కూర్చునేవాణ్ణి. వేలితో కాగితం అంచు తడిమి, వరస ఎక్కడుందో అంచనా వేసి, కలం సిరాలో ముంచి రాసేవాణ్ణి. ఒకనాడు మా ఆవిడ మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి, వెళ్లకుండా అక్కడే నిలబడింది.

"ఏంటే?" అన్నాను.

"ఏమండీ... ఆ బుడ్డిలో సిరా లేదండీ."

"ఎప్పటినుంచి?"

"వారం అయింది. ఎండిపోయింది. చెప్పడానికి నాకు నోరు రాలేదు."

వారం రోజులు నేను తెల్ల కాగితం మీద ఉత్త కలంతో గీకాను. ఆవిడ రోజూ చూస్తూ ఊరుకుంది. ఆ మర్నాడు పొద్దున్నే రేవు మెట్ల దగ్గరికి తడుముకుంటూ వెళ్లి నీళ్లలో పాదాలు పెట్టుకుని కూర్చున్నాను. ఇంకో రెండు మెట్లు దిగితే చాలు అనిపించింది. నేను పోయిన రోజు నీటిమట్టం ఎంతో రాసేవాడు కూడా ఉండడు అనుకున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. వెనక గాజుల చప్పుడైంది. మా ఆవిడ నా పై మెట్టు మీద కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చిందో ఏమో. "చలిగా ఉంది, పదండి" అంది. రెండో కంటికి ఆపరేషన్ చేయించుకుంటానని ఆ దారిలోనే ఒప్పుకున్నాను.

ఈసారి డైరీని మా ఆవిడ పెట్టెలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి తన పుస్తెల తాడుకు కట్టుకుంది. ఆసుపత్రి దగ్గరే ఒక ఇంట్లో గది తీసుకుని, మూడు పూటలా తనే గంజి కాచి తెచ్చి పోసేది.

గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజులవి. తెల్లవారింది మొదలు ఇనుము మీద సుత్తుల మోత. మొదటి రోజు ఆ దెబ్బలు లెక్కపెట్టాను. రెండో రోజు వీపు మండింది, ముక్కు దురద పెట్టింది. నలభై ఏళ్ల ముక్కుపొడుం అలవాటు.

"తుమ్మితే కన్ను పోతుందండీ పంతులుగారూ" అంది అక్కడి నర్సమ్మ. "నవ్వినా పోతుందంట. అందుకే మీ మంచం దగ్గరికి వచ్చేటప్పుడు మూతి ముడుచుకుని వస్తున్నానండి."

"నీ మూతి నాకు కనపడదు కదమ్మా."

"మీకు కనపడక్కర్లేదండీ, నా గొంతులో తెలిసిపోద్ది. మాట్లాడకండి, దవడ కదుల్తుంది."

మూడో రోజు పొద్దున భయం పట్టుకుంది. చీకటి ముఖం మీద కూర్చున్నట్టుంది. కట్టు పీకేసి ఒక్కసారి వెలుతురు చూసి, ఆ తరువాత ఏమైపోతే అదైపోనీ అనిపించింది. రామనామం మొదలుపెట్టాను. వెయ్యి పూర్తి చేయాలనుకున్నాను. కొంతసేపటికి తెలిసింది, నేను నామం అనడం లేదు, అంకెలు అంటున్నాను. నాలుగు వందల చిల్లరలో లెక్క తప్పింది. లెక్క తప్పినందుకు కన్ను పోతుందేమో అన్నంత భయం వేసింది. మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను. మళ్లీ తప్పింది. ఏడిస్తే కంటికి చెడుపు. ఏడవడానికి కూడా లేదు.

ఆ స్థితిలో నాకు గేజి బావి గుర్తుకొచ్చింది.

నదిలో అలలు ఎగురుతూ ఉంటే నీటిమట్టం చదవలేం. అందుకని ఒడ్డు లోపలికి తవ్వి, రాతితో ఒక చిన్న బావి కట్టారు. దాని అడుగున నదిలోకి బొటనవేలు పట్టేంత కంత ఒకటి ఉంటుంది. నదిలో ఎంత నీరుంటే బావిలోనూ అంతే ఉంటుంది. కాని కంత చిన్నది కాబట్టి అల లోపలికి రాలేదు. నీళ్లు నిలకడగా ఉంటాయి. గోడ మీది అంకె చదివి రాసుకోవాలి. మేం దాన్ని గేజి బావి అనేవాళ్లం.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు ఆ బావి మీద విసుగు. వరద వచ్చినప్పుడు దానిలో నీళ్లు మెల్లగా ఎక్కుతాయి. నాకు వెంటనే కావాలి. ఎవరికీ చెప్పకుండా తాపీవాడి చేత ఆ కంతను పిడికిలి పట్టేంత చేయించాను. మరుసటి వరదకు బావిలో నీళ్లు నదికి సమానంగా ఎగిరాయి. ఒక్క గంటలో నేను మూడు కొలతలు పంపితే మూడూ మూడు రకాలు. మా పెద్ద గుమాస్తాగారు వచ్చి బావిలోకి తొంగిచూసి, "ఏమయ్యా, గోదావరిని తెచ్చి ఇందులో పోశావా? ఆ మాత్రానికి బావి ఎందుకు?" అని అందరి ముందూ చీవాట్లు పెట్టారు. సున్నం పెట్టించి కంతను మళ్లీ చిన్నది చేయించారు. ఆ రోజు నేను నా డైరీలో నీటిమట్టం రాశాను కాని, ఈ సంగతి రాయలేదు. సిగ్గేసింది.

ముప్ఫై ఏళ్లు రోజుకు రెండుసార్లు ఆ బావిలోకి వంగి చూశాను. చూసింది అంకెనే. అంకె కింద నీళ్లు ఎలా ఉండేవో ఆ మంచం మీద పడుకున్నాక మొదటిసారి తలుచుకున్నాను. నల్లగా, చల్లగా, కదలకుండా ఉండేవి. ఆ నీళ్లను చూస్తూ ఉండిపోయాను. ఊపిరి దానంతటదే నెమ్మదించింది. సుత్తుల మోత వినపడుతూనే ఉంది. లెక్కపెట్టబుద్ధి కాలేదు.

ఇంతటితో నాకు శాంతి దొరికిందని రాస్తే అబద్ధం అవుతుంది. గంట ఉండేది, పోయేది. మళ్లీ భయం, మళ్లీ బావి. నాలుగో రోజు, అయిదో రోజు అలా గడిచాయి.

ఆరో రోజు మా ఆవిడ రాలేదు.

"అమ్మగారికి ఒంట్లో కొంచెం నలతగా ఉందండీ. రేపొస్తారు" అంది నర్సమ్మ.

"కొంచెం" అనడంలోనే నాకు అర్థమైంది. ఆ నెలలో ఊళ్లో కలరా ఉంది. ఆవిడ ఆ గదిలో ఒంటరిగా వాంతులు చేసుకుంటూ ఉందన్న బొమ్మ కట్టు కింద కనపడింది. మోచేతులు పరుపు మీద ఆన్చాను. లేవబోతున్నాను.

నర్సమ్మ నా నుదుటి మీద అరచెయ్యి పెట్టింది. నొక్కలేదు, ఊరికే ఉంచింది.

"కలరా కాదండీ, చలిజ్వరం. డాక్టరుగారు చూసొచ్చారు. అమ్మగారు మీకో మాట చెప్పమన్నారండీ."

"ఏంటి?"

"తల ఎత్తారని తెలిస్తే ఈ జన్మలో మీ మొహం చూడనన్నారండీ. మీరెలాగూ తన మొహం చూడలేరు గాబట్టి ఆ బాధ మీకుండదన్నారండీ."

అది మా ఆవిడ మాటే. ఇంకెవరూ అనలేరు. దెప్పగలుగుతోందంటే ప్రాణానికి భయం లేదని నాకు నేను చెప్పుకున్నాను. నమ్మీ నమ్మక మోచేతులు దించాను. ఆ పూటంతా ఆవిడ జ్వరం కబురు లోపలికి దిగుతూనే ఉంది. బావిలో నీళ్లు ఎక్కుతూనే ఉన్నాయి. నదిలో ఎంత బాధ ఉందో లోపలా అంతే ఉంది, ఒక్క అంగుళం తక్కువ లేదు. ఎగరలేదు, అంతే. కదలకుండా ఉండడమంటే బాధ లేకపోవడం కాదని నాకు తెలిసింది అప్పుడే.

సాయంత్రానికి ఆకలితో కడుపు నకనకలాడింది. నర్సమ్మ కిరస్తానీ. మా ఇళ్లలో అటువంటివాళ్ల చేతి నీళ్లు కూడా తాగని రోజులవి.

"గంజి అమ్మగారుండే గది తాలూకు ఇంటావిడ కాచి పంపారండీ" అంది. "పోసేది మాత్రం నేనేనండీ. మీ ఇష్టం."

తాగాను. మర్నాడు నేనే అడిగాను: "ఇవాళ ఎవరు కాచారమ్మా?"

"నేనేనండీ."

"సరే, పొయ్యమ్మా. నిన్నటిదాని కంటే ఉప్పు సరిపోయిందేమో చూస్తాను."

తొమ్మిదో రోజు కట్టు విప్పారు. డాక్టరుగారి వేళ్లు మసకగా కనపడ్డాయి. మూడు అన్నాను. సరే అన్నారు. ఆయన వెనక తలుపు దగ్గర ఎర్రగా ఏదో నిలబడి ఉంది. మా ఆవిడ చీర. జ్వరం తగ్గి ఆ పూటే లేచి వచ్చింది.

"లేవకుండానే పడుకున్నారా, లేక ఈ నర్సమ్మ మీ వైపు మాట్లాడుతోందా?" అంది. గొంతు పీలగా ఉంది.

ఈ చూపు ఎన్నాళ్లుంటుందో చెప్పలేమన్నారు. మద్రాసు నుంచి అద్దాలు రావడానికి నెల పట్టింది. సీసా అడుగంత మందం. పెట్టుకుంటే పేజీకి నాలుగు వరసలు, బొద్దు అక్షరాలతో రాయగలుగుతున్నాను. వెదురు బద్ద పొయ్యిలోకి పోయింది. నెలకు రెండు మూడుసార్లు బండి కట్టించుకుని ఆసుపత్రికి వెళ్తాను. కట్టు కట్టించుకుని పడుకున్నవాళ్ల పక్కన కూర్చుంటాను. రమ్మన్నది నర్సమ్మే. వాళ్లకు నేను చెప్పేది పెద్దగా ఏమీ లేదు. భయం పుట్టినప్పుడు ఎవరో ఒకరు నుదుటి మీద చెయ్యి ఉంచాలి.

అద్దాలు వచ్చిన రోజు మా ఆవిడ పెట్టె తాళం తీసి డైరీ నా ముందు పెట్టింది. పేజీలు తిప్పాను. అద్దాల కోసం ఆగిన నెలవీ, దానికి ముందు ఆసుపత్రి రోజులవి తొమ్మిదీ తెల్లగా ఉన్నాయి. అలవాటు కొద్దీ చెయ్యి సిరాబుడ్డి వైపు వెళ్లింది.

"ఆ రోజుల్లో ఏం జరిగిందో మీకేం తెలుసని రాస్తారు?" అంది ఆవిడ. ఎదురుగా చతికిలబడింది. "ఆ గదిలో ఒక్కదాన్నీ వణుక్కుంటూ నేనేం పడ్డానో నేను చెప్తాను. ఇంటావిడ రెండు దుప్పట్లు కప్పినా..."

నలభై ఏళ్లలో ఆవిడకు వచ్చిన జ్వరాలన్నీ నా డైరీల్లో ఉన్నాయి. ఒక్కొక్కటీ ఒక్కో వరస. ఆ జ్వరాల్లో ఆవిడ ఏం పడిందో నేను ఎన్నడూ అడగలేదు.

కలం కింద పెట్టేశాను. ఆవిడ చెప్తూ ఉంటే విన్నాను. పొయ్యి మీద అన్నం మాడువాసన వచ్చేదాకా చెప్పింది. ఆ తొమ్మిది పేజీలూ అలాగే ఉన్నాయి.